మధ్యాహ్నం సోలార్ ఎందుకు ఆపుతారు?

"రాత్రి కరెంటు చాలదంటారు, మధ్యాహ్నమేమో సోలార్ ప్లాంట్లను తగ్గించమంటారు. ఇదేం లెక్క?" అని రైతులు అడుగుతుంటారు. అడగాల్సిన మాటే.

కరెంటును వడ్లలా గాదెలో పోసుకోలేం. వాడకం ఎంతో, ఆ క్షణాన ఉత్పత్తీ అంతే ఉండాలి. ఆ తూకం చూపే ముల్లు ఫ్రీక్వెన్సీ. మన దేశంలో అది 49.90–50.05 హెర్ట్జ్ మధ్య నిలవాలి. వాడకం మించితే దిగుతుంది, ఉత్పత్తి మించితే ఎక్కుతుంది. మరీ తప్పితే ప్లాంట్లు ఒకదాని వెంట ఒకటి పడిపోతాయి. గ్రిడ్ కూలితే ఏమవుతుందో 2012 జులై 31న చూశాం, ఉత్తరాదిన, తూర్పున సుమారు 60 కోట్ల మందికి కరెంటు పోయింది. మన దక్షిణ గ్రిడ్ అప్పటికి విడిగా ఉంది గనక బతికాం. 2013 డిసెంబరు 31న దాన్నీ కలిపేశారు.

బొగ్గు బాయిలర్‌ను మధ్యాహ్నం ఆర్పి, పొద్దు గుంకగానే వెలిగించడం కుదరదు. సోలార్‌నైతే నిమిషాల్లో తగ్గించొచ్చు. అందుకే వేటు దానిమీద పడుతుంది. శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలో మిగులు కరెంటుతో నీళ్లు వెనక్కి తోడి, సాయంత్రం మళ్లీ టర్బైన్లు తిప్పే ఏర్పాటుంది. అలాంటివి ఇంకా కావాలి.

పగటిపూట మోటార్లు ఆడితే ఆ మిగులు ఖర్చవుతుంది, చీకట్లో పాముల మధ్య నీళ్లు కట్టే బాధా తప్పుతుంది. పగటి సరఫరాను రైతుకు చేసిన మేలంటారు గానీ, గ్రిడ్‌కు రైతు చేసే మేలు కూడా అదే. ఆటోస్టార్టర్లు మాత్రం తీసేయండి. కరెంటు రాగానే ఊళ్లో మోటార్లన్నీ ఒక్కసారే లేస్తే ముందు కాలేది మన ట్రాన్స్‌ఫార్మరే.