ఒక క్యూబా పియానో రికార్డు – శ్రోతల తగవు

కొన్ని రికార్డులను విన్నవారందరును ఒకే మాట చెప్పుదురు. మరి కొన్నిటిని విన్నవారు ఇద్దరు కలిసినచో మూడు అభిప్రాయములు పుట్టును. రూబెన్ గొన్సాలెస్ అను క్యూబా దేశపు పియానో విద్వాంసుడు 1996లో హవానా నగరమున వాయించిన రికార్డు ఈ రెండవ తెగలోనిది. అది 1997లో "ఇంట్రడ్యూసింగ్ రూబెన్ గొన్సాలెస్" అను పేర వరల్డ్ సర్క్యూట్ సంస్థవారిచే వెలువడినది. దానిని విని కన్నీరు పెట్టుకొన్నవారు కలరు. హోటలు భోజనశాలలో వెనుక వినిపించు సంగీతమని పెదవి విరిచినవారు కలరు. దీనిని ఆఫ్రో-క్యూబను జాజ్ అని పిలుచుటయే తప్పని వాదించువారును కలరు. ఈ అభిప్రాయములలో చెవి చెప్పినదేది, చెవికంటె ముందే మనసులో చేరినదేది అను విషయమును శ్రోతలతో కలిసి విచారింపవలెనని మా యుద్దేశము.

మొదట కథ. ఏలయన ఈ రికార్డును విన్నవారిలో పెక్కుమంది సంగీతమునకు ముందు కథనే వినియుందురు. గొన్సాలెస్ 1919లో సాంతా క్లారా పట్టణమున జన్మించెను. సియెన్‌ఫుయేగొస్ లోని సంగీత విద్యాలయమున పాశ్చాత్య శాస్త్రీయ పద్ధతిలో పియానో నేర్చెను. వైద్యుడు కాదలచి, తుదకు సంగీతమునే వృత్తిగా గైకొనెను. 1990ల నాటికి ముదుసలియై, కీళ్ళవాతముచే వ్రేళ్ళు బిగిసి, ఇంట పియానో లేక, వాదనము మానియుండెను. ఉన్న పియానోను హవానా తేమగాలియు పురుగులును తినివేసినవని చెప్పుదురు. అట్టివానిని 1996లో ఎగ్రెం స్టూడియోకు పిలిచిరి. పిమ్మట లోకమంతట మారుమ్రోగిన "బ్యూనా విస్టా సోషల్ క్లబ్" రికార్డు ఆ దినములలో అచ్చటనే తయారగుచుండెను. ఉదయమున తలుపులు తీయుటకు ముందే ఆయన వాకిట నిలిచియుండి, తీసినంతనే పియానో చెంతకు పోయి కూర్చుండెడివాడట. అది చూచినవారు ఆయన పేరిట వేరుగ ఒక రికార్డు చేయ నిశ్చయించిరి. వాద్యగాండ్రందరును ఒక్కచోట కలిసి వాయించుచుండగా, పిదప అతుకులు వేయు పని లేకుండ, రెండే దినములలో ధ్వనిముద్రణ ముగిసెను. అప్పటి కాయనకు డెబ్బది యేడవ యేడు నడచుచుండెను.

ఇంత చక్కని కథ సంగీతమునకు మేలే చేయునని పలువురు తలంతురు. మాకట్లు తోచదు. 1999లో విమ్ వెండర్స్ తీసిన చలనచిత్రముతో ఈ కథ మరింత వ్యాపించి, మెచ్చుకొనువారి మాటలన్నియు ఆయన వయస్సు చుట్టును, వ్రేళ్ళ నొప్పి చుట్టును తిరుగజొచ్చెను. "ఆ వయస్సులో అంత బాగుగ వాయించెను" అనుట విద్వాంసునకు గౌరవము కాదు. "ఆ వయస్సులో" అను మాట తీసివేయగా మిగులు మెప్పేదో అదియే ఆయనకు చెందవలసినది. మరియు, మరుగున పడినవాడు మరల దొరికెననుట బయటివారి చూపు. హవానా ఆయన నెన్నడు పోగొట్టుకొనలేదు. 1940లలో ఆర్సెనియో రోద్రీగెస్ బృందమునను, ఆ పిమ్మట పాతికేండ్ల పాటు ఎన్రీకె హొర్రీన్ బృందమునను వాయించి, 1980లలో గాని ఆయన విశ్రమింపలేదు. నాట్యశాలలలో ఆయన వ్రేళ్ళ లెక్కకు అడుగులు వేసినవారిలో ఎందరికి ఆయన పేరు తెలిసియుండును? నాట్యమునకు వాయించువాని బ్రతుకట్టిది.

ఇక ఫిర్యాదులకు వత్తము. వానిలో తరచుగ వినవచ్చునది, "వాయించినదే వాయించుచున్నాడు" అనునది. అది నిజము. కాని అది లోపమని ఎవరు చెప్పిరి? క్యూబాలో ట్రెస్ అను తంత్రీవాద్యము కలదు. గిటారు వంటిది, మూడు జతల తంత్రులు గలది. గ్రామసీమల సోన్ అను పాటకు అదియే ప్రాణము. కన్నులు లేని ఆర్సెనియో రోద్రీగెస్ ట్రెస్ వాదనలో మేటి. ఆయన 1940 ప్రాంతమున సోన్ బృందమునకు పియానోను, ఒకటికి మించిన ట్రంపెట్లను, కోంగా అను పొడవాటి మద్దెలను చేర్చి, దాని రూపమునే మార్చెను. ట్రెస్ పలుకుచుండిన మెలికలను పియానో అందుకొనెను. రెండు చేతులును ఒకే మెలికను వేర్వేరు స్థాయిలలో పట్టి, మరల మరల త్రిప్పును. మొంతూనో అని దానికి పేరు. మన కచేరిలో తంబుర మీటినదే మీటుచున్నదని ఎవరును విసుగుకొనరు గదా! అయితే మొంతూనో తంబుర వలె నిశ్చలము కాదు. అది నేల, నడక రెండును. దానిపై ట్రంపెట్టు ఎగురును, మద్దెలవాడు ఆడును, ఒక్కొక్కప్పుడు పియానో విద్వాంసుడే దానిని విడిచి కొంతదూరము పోయి వచ్చును. పోయినది గమనించుటకు నేల తెలిసియుండవలెను.

ఆ నేల క్రింద మరియొక నేల కలదు. దానిని క్లావే అందురు. రెండు కొయ్యపుల్లలను తాటించి వేయు అయిదు దెబ్బల వరుస అది. తెలుగు శ్రోతకు దీనిని చెప్పుట సులభము. పదునారు మాత్రలు తీసికొని, తకిట, తకిట, తకధిమి, తక, తకధిమి అని ఉచ్చరించుచు, ఒక్కొక్క జతి మొదట దెబ్బ వేయుడు. అంతే క్లావే. దెబ్బలు 1, 4, 7, 11, 13 మాత్రలపై పడును. మొదటి ఎనిమిది మాత్రలలో మూడు దెబ్బలు, తరువాతి ఎనిమిదింట రెండు. ఆదితాళమున అక్షరమునకు రెండు మాత్రల చొప్పున పట్టి చూచినచో ఒక వింత కనబడును. అయిదు దెబ్బలలో నాలుగు మన చేతి క్రియలపైననే పడును. రెండవ దెబ్బ మాత్రము చిటికెనవ్రేలికిని ఉంగరపు వ్రేలికిని నడుమ జారిపోవును. ఆ జారుటలోనే ఈ సంగీతపు కులుకంతయు నున్నది. మృదంగము నెరిగిన మా మిత్రుడొకరు ఈ లెక్కతో రికార్డులోని ఒక సోన్ భాగమును విని, మొదటిసారి విసుగు పుట్టించిన చోటనే రెండవసారి తల యూపిరి.

కొయ్యపుల్లల దెబ్బ ఎల్లప్పుడు వినబడదు. వినబడకున్నను వాద్యగాండ్రందరి మనసులలో అది నడచుచుండును. ఒకమారు మొదలైన పిమ్మట మూడు, రెండు అను వరుస తప్పరాదు. తప్పినచో ఆడువారి కాళ్ళు తడబడును.

"లయ కుంటుచున్నది, బాసు వాద్యము సమమునకు రాదు" అను ఫిర్యాదునకు సమాధానమును ఇచ్చటనే దొరకును. సోన్ పద్ధతిలో బాసు సమముపై పలుకదు. ఎనిమిది మాత్రల ఖండమున నాలుగవ దానిపైనను ఏడవ దానిపైనను మీటి, తరువాతి ఖండమునకు చెందిన స్వరమును ముందుగనే తెచ్చి పెట్టి, సమము వచ్చు వేళకు మౌనముగ నుండును. సమము కొరకు బాసును నమ్ముకొన్న శ్రోత మెట్టు లేని చోట అడుగు వేసినట్లగును. ఈ రికార్డులో బాసు వాయించిన ఓర్లాందో కచైతో లోపెస్ ఆ విద్య పుట్టిన ఇంటివాడు. తండ్రి ఓరెస్తెస్, పినతండ్రి కచావో ఇరువురును క్యూబా సంగీత చరిత్రలో నిలిచినవారు. పియానోను విడిచి ఒకసారి బాసును మాత్రమే వెంబడించుడని మా సలహా.

అలంకారములు మితిమీరినవను మాట ఇంతకంటె ఆలోచింపదగినది. గొన్సాలెస్ కుడిచేయి ఊరకుండదు. చిన్న పదమొకటి ముగియగానే పైనుండి క్రిందికి స్వరములు రాలిపడును. కంపితములు, పరుగులు, అనుకొనని చోట వేరొక పాట తునుకలు. దీనిని విని హోటలు సంగీతమన్నవారిపై మాకు కోపము లేదు. లెకువోనా రచించిన "సిబొనే" వంటి పాటలను లోకమందలి హోటళ్ళన్నియు అరగదీసినవి. కాని ఆ అలంకారమునకు వంశము కలదు. దాన్సోన్ అను పాతకాలపు నాట్యసంగీతమున, వేణువు, వయొలిన్ల నడుమ పియానోకు తనదైన చోటు సంపాదించినవాడు ఆంతోనియో మరియా రొమేవు. ఆయన పియానోతో ప్రసిద్ధికెక్కిన "త్రెస్ లిందాస్ కుబానాస్" ఈ రికార్డులో కలదు. దాన్సోన్ లయ వేరు: దీర్ఘము, హ్రస్వము, దీర్ఘము, హ్రస్వము, దీర్ఘము. ఆ మర్యాదగల నడకపై స్వరములు చల్లుట ఆ సంప్రదాయపు అలవాటు. ఎవరిని అనుకరింపక తన రీతిలోనే వాయించుమని ఆర్సెనియో తనకు చెప్పెనని గొన్సాలెస్ తలచుకొనెడివాడు. ఆ రీతి ఈ రెండు విద్యల, అనగా రొమేవు నాటి సొగసునకును ఆర్సెనియో నాటి దరువునకును, కలయిక.

అయినను మా అభిప్రాయము దాచము. "కుంబంచేరో"లో వేగము కొంత ప్రదర్శనగ మారినది. కొన్ని పరుగులు వ్రేళ్ళ అలవాటు కొలదిని వచ్చినవే గాని ఆ క్షణమున పుట్టినవి కావు. వానిని కూడ దివ్యమనుట ఆయన వయస్సునకు జాలిపడుటయే.

ఇది జాజ్ అగునా అను వాదమును మేము త్వరగ దాటెదము. న్యూయార్కులో మచీతో బృందము 1940లో ఏర్పడినది. అందలి మారియో బౌసా 1943లో "తాంగా"ను కూర్చెను. 1947లో డిజ్జీ గిలెస్పీయు చానో పోసోయు కలిసిరి. ఆఫ్రో-క్యూబను జాజ్ అను పేరునకు ఆ చరిత్ర ముఖ్యము. హవానా వాద్యగాండ్రు అదే కాలమున తమ యింటనే మనోధర్మమును పెంచిరి. నాట్యశాల పని ముగిసిన పిదప కూడి స్వేచ్ఛగ వాయించుటను వారు దెస్కార్గా అందురు. కచావో 1957లో అట్టివానిని రికార్డు చేసెను. గొన్సాలెస్ ఆ రెండవ త్రోవవాడు. జాజ్‌ను చెవులార వినినవాడే గాని న్యూయార్కు పిల్లవాడు కాడు. పేరు పెట్టెపై నుండునది. దానిని బట్టి హార్లెం ఉద్రేకమును వెదకువారికి ఆశాభంగము తప్పదు.

క్రొత్తగ వినువారు మొదటినుండి చివరకు ఒక్క కూర్పున వినవలసిన పని లేదు. హొర్రీన్ రచనయు, 1953లో రికార్డయి చా-చా-చా నాట్యమునకు దారి తీసినదియు నగు "లా ఎంగాన్యదోరా"తో మొదలిడవచ్చును. చిక్కు లయలకు అడుగు కలుపలేని సామాన్యుల కొరకు హొర్రీన్ దానిని తేలిక చేసెను. తాళము పట్టుటకు మనకును తేలికయే. తరువాత "అల్మెంద్రా" వినునది. మొంతూనో చెవికి పట్టుబడిన పిదప "తుంబావో"కు పోవలెను. మాన్యుయెల్ మిరాబల్ ట్రంపెట్టును, అమదీతో వల్దెస్ మద్దెలలను అప్పుడు వేరువేరుగ పోల్చుకొనవచ్చును.

గొన్సాలెస్ 2000లో "చంచూయో" అను మరియొక రికార్డును వెలువరించి, 2003 డిసెంబరు 8న హవానాలో మరణించెను. మొదటి రికార్డు చివర "కొమో సియెంతో యో" అను చిన్న కృతి కలదు. అందు మద్దెల లేదు, బాసు లేదు, పియానో ఒక్కటియే. ఎవరును లెక్క పట్టుట లేదు గనుక ఆయన అచ్చట తొందరపడడు. అలంకారములను గూర్చి తగవులాడిన మా మిత్రులు ఇరువురును ఆ చోటికి వచ్చునప్పటికి మాటలు మాని, రెండవమారు పెట్టుమనిరి.