ఓటమిలో వెలిగిన దీపం – ఇమ్మాన్యుయేల్ సనోన్

క్రీడారంగంలో గెలిచినవారి పేర్లు నిలిచిపోవడం సహజం. ఓడిన జట్టులోని ఒక ఆటగాణ్ణి ఒక జాతి యావత్తూ దశాబ్దాల తరబడి గుండెలలో దాచుకోవడం అరుదు. హైతీ దేశీయుడైన ఇమ్మాన్యుయేల్ సనోన్ అట్టి అరుదైన కీర్తిని పొందినవాడు.

హైతీ కరీబియన్ సముద్రంలోని చిన్న దేశం. బానిసలుగా బ్రతికినవారు తిరుగుబాటు చేసి, ఫ్రెంచివారిని ఓడించి, 1804లో స్వాతంత్ర్యం సాధించిన గడ్డ అది. ఆ దేశ రాజధాని పోర్టో ప్రిన్స్‌లో 1951 జూన్ 25న సనోన్ జన్మించాడు. ప్రజలు అతనిని 'మానో' అని ముద్దుగా పిలుచుకొనేవారు. స్వదేశంలో డాన్ బాస్కో జట్టులో అతని ప్రతిభ వికసించింది.

1973లో స్వదేశంలోనే జరిగిన పోటీలలో నెగ్గి హైతీ ప్రపంచ కప్పుకు అర్హత పొందింది. ఆ పోటీలలో ట్రినిడాడ్ జట్టు గోల్స్ కొన్నింటిని రద్దు చేయడం వివాదాస్పదమైందన్న సత్యాన్ని కూడా మనం మరువరాదు.

1974 జూన్ 15న మ్యూనిక్ నగరంలో హైతీ ఇటలీని ఎదుర్కొన్నది. ఇటలీ గోల్‌కీపరు డినో జాఫ్ 1972 సెప్టెంబరు నుండి అంతర్జాతీయ పోటీలలో ఒక్క గోలు కూడా ఇవ్వలేదు. రెండవ అర్ధభాగం ఆరంభమైన క్షణాలలోనే ఫిలిప్ వోర్బ్ అందించిన బంతితో సనోన్ మెరుపువలె దూసుకుపోయాడు. రక్షకుణ్ణి వెనుక విడిచి, జాఫ్‌ను తప్పించి, బంతిని వలలోనికి పంపాడు. 1142 నిమిషాల కోట కూలిపోయింది!

అయినా చివరకు ఇటలీయే 3–1తో గెలిచింది. ఆ పిదప మందుపరీక్షలో పట్టుబడిన హైతీ ఆటగాడొకడు తమ అధికారుల చేతనే దెబ్బలు తిని స్వదేశానికి పంపబడ్డాడు. కలత చెందిన జట్టు పోలండు చేతిలో 7–0తోను, అర్జెంటీనా చేతిలో 4–1తోను ఓడింది. ఆ చివరి ఆటలోనూ హైతీ గోలు సనోన్‌దే.

ఆపై అతడు బెల్జియంలో బేర్షాట్ జట్టులో చేరి 1980 వరకు ఆడాడు. 1979లో బెల్జియం కప్పు గెలిచిన జట్టులో సభ్యుడు. అనంతరం అమెరికాలో ఆడాడు. 2008 ఫిబ్రవరి 21న ఫ్లోరిడాలో క్యాన్సర్ వ్యాధితో కన్నుమూశాడు. హైతీకి మరల ప్రపంచ కప్పు అర్హత 2025 నవంబరులో గాని దక్కలేదు. ఆ అర్ధశతాబ్దమూ ప్రజల గర్వానికి ఊతమైనది ఆ ఒక్క గోలే.

విద్యార్థులారా! బలవంతుని ఎదుట నిలిచినప్పుడు మనకు విజయం దక్కకపోవచ్చు. అయినా లభించిన ఒక్క అవకాశాన్ని నిర్భయంగా వినియోగించుకొన్నవానిని లోకం మరువదు. ఫలితాల పట్టికలో హైతీ ఓడినది. ప్రజల స్మృతిలో సనోన్ ఓడలేదు.