తిమింగలముల పాట – మన వాగు నీరు

రేగొండ వైపు గ్రామములలో ఏ సండే స్కూలులోనైనా తిమింగలము అంటే ఏమిటని అడిగి చూడండి. "యోనాను మింగిన చేప" అని పిల్లలు ఒక్క గొంతుతో చెబుతారు. పెద్దలమైన మనకు కూడ అంతకు మించి తెలిసినది తక్కువే. మన చుట్టూ పత్తి చేలు, మిర్చి తోటలు, చెరువులు ఉన్నవి గాని సముద్రము లేదు. మరి కుటుంబ పత్రికలో తిమింగలముల సంగతి ఎందుకని కొందరు అడుగవచ్చును. ఈ సంగతి మన బైబిలు మొదటి అధ్యాయములోనే ఉన్నది. మన ఊరి వాగులో కూడ ఉన్నది. అందుకే దీనిని మీ ముందు ఉంచుచున్నాము.

మొదటి దీవెన

ఆదికాండము మొదటి అధ్యాయమును నెమ్మదిగా చదివితే ఒక విశేషము కనబడుతుంది. అయిదవ దినమున దేవుడు సముద్రములోని మహా మత్స్యములను, పక్షులను సృజించి వాటిని ఆశీర్వదించాడు. అప్పటికి మనుష్యుడు ఇంకా కలుగలేదు. ఫలించి విస్తరించమన్న దీవెనను మొట్టమొదట పొందినవి జలచరములు, పక్షులే. మనకు ఆ దీవెన మరునాడు వచ్చింది. వాటికి దేవుడిచ్చిన దీవెనను తీసివేయుటకు మనకు అధికారము ఎక్కడిది?

శాస్త్రజ్ఞుల లెక్కలో తిమింగలము చేప కాదు. మన ఆవు, గేదెల వలె పిల్లను కని పాలిచ్చు ప్రాణి అది. ఊపిరి కోసము నీటి పైకి వచ్చి తల మీది రంధ్రము ద్వారా గాలి పీల్చుకుంటుంది. నీలి తిమింగలము సుమారు 30 మీటర్ల వరకు పెరుగుతుంది. భూమి మీద ఇప్పటివరకు పుట్టిన జంతువులలో అంత పెద్దది మరొకటి ఉన్నట్లు తెలియదు.

ఇంత గొప్ప ప్రాణిని మనుష్యుడు నూనె కోసము చంపాడు. దీపములకు, సబ్బులకు, యంత్రములకు ఆ నూనె వాడారు. బాంబు అమర్చిన ఈటెలు, ఆవిరి ఓడలు వచ్చిన తరువాత ఏ తిమింగలమూ తప్పించుకోలేకపోయింది. 20వ శతాబ్దములో సుమారు 29 లక్షల తిమింగలములను చంపినట్లు పరిశోధకులు లెక్క తేల్చారు.

గుండెలను కదిలించిన పాట

ఈ సంహారమును ఆపుటకు అనేకులు ప్రయాసపడ్డారు. అయితే ప్రజల మనస్సులను మిక్కిలిగా కదిలించినది ఒక పాట.

అట్లాంటిక్ మహాసముద్రములోని బెర్ముడా దీవిలో ఫ్రాంక్ వాట్లింగ్టన్ అనే ఇంజనీరు ఉండేవాడు. అమెరికా నౌకాదళము కొరకు నీటి అడుగున మైకులు పెట్టి శబ్దములు వినుట ఆయన పని. ఆ మైకులలో వింత ధ్వనులు వినబడ్డవి. అవి హంప్‌బ్యాక్ అనే జాతి తిమింగలముల గొంతులు. ఈ సంగతి బయటపడితే వేటగాళ్లు ఆ ధ్వనుల జాడ పట్టుకొని వాటిని చంపుతారని ఆయన భయపడ్డాడు. 1960ల చివరలో ఆ టేపులను రోజర్ పేన్, కేటీ పేన్ అనే శాస్త్రజ్ఞులైన దంపతుల చేతికి అప్పగించాడు.

వారు ఆ టేపులను మరల మరల విన్నారు. అది వట్టి అరుపు కాదు, వరుస గల పాట అని తేలింది. ఒక చిన్న స్వరము కొన్నిసార్లు తిరిగి వస్తుంది, దాని తరువాత మరొకటి, ఆపైన ఇంకొకటి. అన్నీ ముగిసిన తరువాత మరల మొదటికి వస్తుంది. మన కీర్తనలలో పల్లవి, చరణములు వచ్చినట్లే. ఒక్కొక్క పాట 20 నిమిషములకు పైగా కూడ సాగుతుంది. పాడునవి మగవి. ఒక ప్రాంతములోని మగవన్నీ ఒకే పాట పాడతాయి. సంవత్సరము తరువాత సంవత్సరము ఆ పాట కొద్దికొద్దిగా మారుతుంది. ఆస్ట్రేలియా తూర్పు తీరములో పాడిన పాటను కొద్ది కాలములోనే దూర దీవుల దగ్గరి తిమింగలములు కూడ నేర్చుకొన్నట్లు పరిశోధకులు కనుగొన్నారు. ఉజ్జీవ కూటములకు వెళ్లివచ్చినవారు కొత్త పాటను తమ ఊరి సంఘమునకు తెచ్చి నేర్పుట మనకు తెలిసినదే గదా!

1970లో ఈ పాటలు గ్రామఫోను రికార్డుగా వచ్చినవి. లక్షకు పైగా అమ్ముడయినవి. అదే సంవత్సరము అలన్ హోవానెస్ అనే సంగీతకర్త న్యూయార్కులో వాద్యబృందము నడుమ తిమింగలముల గొంతులనే వినిపించాడు. ఆ కృతికి పెట్టిన పేరు ఆదికాండములో దేవుడు మహా మత్స్యములను సృజించిన వచనము నుండి తీసుకున్నదే. 1977లో వాయేజర్ అంతరిక్ష నౌకలలో పంపిన బంగారు పూత రికార్డులో మనుష్యుల శుభాకాంక్షలతో పాటు తిమింగలము పాట కూడ వెళ్లింది. 1979 జనవరిలో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక తన సంచికతో పాటు ఈ పాటల రికార్డును కోటి 5 లక్షల ప్రతులు పంచింది. చివరకు 1982లో అంతర్జాతీయ తిమింగల వేట సంఘము వ్యాపార వేటను నిలిపివేయాలని తీర్మానించింది. నూనె పీపాలుగా మాత్రమే చూచినంత కాలము లోకము జాలిపడలేదు. గొంతు విన్నప్పుడు జాలిపడింది.

ఒక క్రైస్తవ రాజు ఆజ్ఞ

పసిఫిక్ మహాసముద్రములోని టోంగా చిన్న దీవుల రాజ్యము. అక్కడి ప్రజలలో అధికులు క్రైస్తవులు. వెస్లియన్ మెథడిస్టు సంఘము పెద్దది. తిమింగలములు అక్కడి వెచ్చని నీళ్లకు వచ్చి పిల్లలను కంటాయి. దీవివారు చిన్న పడవలలో వెళ్లి వాటిని వేటాడి మాంసము తినేవారు. 1978లో రాజు నాలుగవ తౌఫాహౌ టుపౌ వేటను నిషేధిస్తూ ఆజ్ఞ ఇచ్చాడు. ప్రజలకు అది తేలిక కాదు. అలవాటైన మాంసము పోయింది. అయినా వేట మానుకొన్నారు. ఈనాడు అదే దీవులకు తిమింగలములను చూచుటకు, వాటి పాట వినుటకు పరదేశులు వస్తున్నారు. అనేక కుటుంబములకు అదే జీవనాధారము.

వేట తగ్గినచోట దీవెన మరల ఫలించింది. దక్షిణ అమెరికా తూర్పు తీరపు హంప్‌బ్యాక్ తిమింగలములు 1950లలో సుమారు 450 మాత్రమే మిగిలినవి. 2019లో ప్రచురించిన అంచనా ప్రకారము అవి సుమారు 25,000 అయినవి. అయితే వేట పూర్తిగా ఆగలేదు. జపాను 2019లో అంతర్జాతీయ సంఘము నుండి బయటకు వచ్చి వ్యాపార వేట మరల ప్రారంభించింది.

మన దేశములో

హిందూ మహాసముద్రము 1979 నుండి తిమింగలముల అభయారణ్యముగా ప్రకటించబడింది. మన బంగాళాఖాతము కూడ అందులోనిదే. మన దేశములో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము తిమింగలములను కాపాడుతున్నది. లక్షద్వీపములలోని కవరత్తి దగ్గర దివ్య పనికర్ అనే పరిశోధకురాలు స్థానికులైన ఈతగాళ్ల సహాయముతో నీటి అడుగున మైకులు పెట్టించింది. వాటిలో నీలి తిమింగలముల పాట రికార్డయింది. ఆ సంగతి 2021లో ప్రచురితమైనది.

సముద్రపు ప్రాణి మీద మనస్సు మారిన జాలరుల కథ మరొకటి గుజరాతులో ఉన్నది. తిమింగలపు సొర అనే ప్రాణి నిజముగా తిమింగలము కాదు, చేపలన్నిటిలో పెద్దది. దాని కాలేయపు నూనెను పడవలకు పూసేవారు, మాంసమును ఎగుమతి చేసేవారు. 2001లో ప్రభుత్వము ఆ వేటను నిషేధించింది. కాని చట్టము ఒక్కటే చాలలేదు. 2004లో అటవీ శాఖ, వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా మొదలైనవారు జాలరుల మధ్య ప్రచారము మొదలుపెట్టారు. రామకథ చెప్పే మొరారి బాపు జాలరులతో దానిని పురుడు పోసుకొనుటకు పుట్టింటికి వచ్చే ఆడబిడ్డతో పోల్చి చెప్పాడు. ఆ మాట వారి గుండెలకు తగిలింది. ఆడబిడ్డను ఎవరు చంపుతారు? అప్పటి నుండి వలలో చిక్కిన వందలాది సొరలను, విలువైన తమ వలలను తామే కోసి విడిచిపెట్టారు. నష్టపోయిన వలకు అటవీ శాఖ పరిహారము ఇస్తున్నది.

మన తెలుగు జాలరులు కూడ వెనుకబడలేదు. 2021 డిసెంబరులో విశాఖపట్నము దగ్గర తంతడి తీరమున సుమారు 2 టన్నుల తిమింగలపు సొర వలలో చిక్కి ఒడ్డుకు వచ్చింది. జాలరులు, అటవీ సిబ్బంది కలిసి దానిని ప్రాణముతో సముద్రములోనికి మళ్లించారు. కాని అన్ని కథలు ఇలా ముగియవు. 2023 జూలైలో శ్రీకాకుళము జిల్లా సంతబొమ్మాళి మండలము మేఘవరము తీరమునకు సుమారు 25 అడుగుల తిమింగలము చనిపోయి కొట్టుకొని వచ్చింది.

మన వాగు ఎక్కడికి పోతున్నది?

నీటి లోతులలో వెలుతురు దూరము పోదు. అందుచేత తిమింగలము చెవితోనే బ్రతుకుతుంది. శబ్దము గాలిలో కంటె నీటిలో నాలుగు రెట్లకు పైగా వేగముతో ప్రయాణిస్తుంది. ఈనాడు వేలాది ఓడల మోత ఆ పాటను మింగివేస్తున్నది. వలలు చుట్టుకొంటున్నవి. ప్లాస్టిక్ కడుపులోనికి పోతున్నది. 2019 మార్చిలో ఫిలిప్పీన్సు తీరమున చనిపోయిన ఒక తిమింగలము కడుపులో సుమారు 40 కిలోల ప్లాస్టిక్ దొరికింది.

ఓడల మోతను మనము ఆపలేము. అయితే రేగొండ చుట్టుపక్కల వాగులలో పారే వాన నీరు చివరకు గోదావరిలో కలిసి బంగాళాఖాతము చేరుతుంది. మిర్చి తోట గట్టున పారవేసిన పురుగుమందు డబ్బా, పత్తి విత్తనాల ప్యాకెట్టు, చిరిగిన యూరియా సంచి, పెండ్లి భోజనపు ప్లాస్టిక్ గ్లాసు మొదటి వరదకు వాగులో పడతాయి. సముద్రము చేరకముందే ఆ నీటినే మన పశువులు త్రాగుతాయి, మన పొరుగు ఊరివారు వాడుకుంటారు. తిమింగలము కొరకు చేసే మేలు ముందుగా మన ఇంటికే మేలు.

కాబట్టి రైతు సోదరులారా, మందు అయిపోయిన డబ్బాను మూడుసార్లు కడిగి ఆ నీటిని పిచికారీ పంపులోనే పోయండి. డబ్బాకు రంధ్రము చేసి వేరుగా దాచండి. వాగులో కడుగవద్దు, ఒడ్డున పారవేయవద్దు. తల్లులారా, అలాంటి డబ్బాలో నీళ్లు, నూనె, ఉప్పు ఎన్నడూ పోయవద్దు. యౌవనస్థుల కూటమివారు తొలకరికి ముందు ఒక శనివారము వాగు ఒడ్డున చెత్త ఏరవచ్చును. మందు డబ్బాలను మాత్రము చేతికి తొడుగులు వేసుకొన్న పెద్దలే తీయాలి, పిల్లలచేత తీయించవద్దు. ప్రేమ విందులో విస్తరాకులు, స్టీలు గ్లాసులు వాడుట స్త్రీల సమాజమునకు కష్టము కాదు.

సండే స్కూలు ఉపాధ్యాయులకు ఒక మనవి. తిమింగలముల పాట ఈనాడు సెల్‌ఫోనులో కూడ వినవచ్చును. ఒక ఆదివారము దానిని పిల్లలకు వినిపించి, తరువాత 148వ కీర్తన చదివించండి. దేవుని స్తుతించమని కీర్తనకారుడు ఎవరెవరిని పిలుస్తున్నాడో పిల్లలచేత లెక్క పెట్టించండి. రాజులు, వృద్ధులు, బాలురు ఆ వరుసలో చివరన వస్తారు. అగాధ జలములలోని ప్రాణులకు పిలుపు అంతకు ముందే వెళ్లింది. ఆ గాయక బృందములో మనతో పాటు నిలిచినవారి గొంతు మన వలన మూగబోకుండునట్లు ప్రభువు మనకు సహాయము చేయును గాక.