వార్తల్లో పదం: ఫైటోబయోటిక్కులు

పశుపోషణ వార్తలలో తరచుగా వినవచ్చుచున్న ఈ మాటకు, మేతలో స్వల్పముగా కలిపెడు ఓషధీసారములని అర్థము. వెల్లుల్లి, పసుపు, లవంగము, వాము ఇట్టివే.

తల్లిపాలపై పెరిగిన పందిపిల్ల, పాలు మాన్పించిన పిమ్మట, తల్లి నెడబాసిన బెంగతో మేత ముట్టక, కడుపులో ఆమ్లము చాలక, పేగుగోడలపై ఆహారసారమును పీల్చుకొను సూక్ష్మాంకురములు కురుచవడి దుర్బలమై యుండగా, ఈ.కోలై సూక్ష్మజీవి విజృంభించి విరేచనములు కలిగించును. దీనికి విరుగుడుగా లోకము చిరకాలము యాంటీబయోటిక్కులను మేతలోనే కలిపినది. మందులకు లొంగని క్రిములు మనుష్యులకును ప్రాణాంతకములని గ్రహించి, ఎదుగుదలకై యాంటీబయోటిక్కుల వాడుకను ఐరోపా సమాఖ్య 2006లో మాన్పించెను. మన దేశము 2019లో ఆహారజంతువులకు కొలిస్టిను అను యాంటీబయోటిక్కును నిషేధించెను.

అందుచే చూపు ఓషధీసారములపై పడినది. వాములోని థైమాలు అను సారము సూక్ష్మజీవుల పైపొరను భేదించును. అయినను ఫలితము అన్నిచోట్ల నొక్కతీరుగా లేదు, మోతాదు మించినచో ఘాటునకు పిల్ల మేతనే విడుచును, శుభ్రమైన నీటికిని పొడినేలకును ఓషధీసారము ప్రత్యామ్నాయము కానేరదు.

ఈ మాట మన పల్లెలకును పట్టునదే. వానలు మొగము చాటేసి వేరుశెనగ యెండిన యేట, అనంతపురము మెట్టసీమలో పందులను సాకు ఎరుకల కుటుంబమునకు ఆ యీత పిల్లలే ఆధారము. తిరుపతి పశువైద్య కళాశాలలో పందులపై అఖిల భారత సమన్వయ పరిశోధన సాగుచున్నది. కర్నూలు అంగడికి వచ్చు వాము ఎంత, ఎన్ని దినములు పెట్టవలెనో ఆ కుటుంబములకు తెలుగులో తెలుపుట అచ్చటి శాస్త్రజ్ఞులకు తగిన పని యని నా దృఢవిశ్వాసము.