చెక్కి విడిచిన రాళ్లు

బంకమట్టితో బొమ్మ చేయువానికి పొరపాటు వచ్చినను చింత లేదు. తడిచేతితో రాచి, మరికొంత మట్టి అద్దుకొనవచ్చును. రాతిపని అట్టిది కాదు. ఉలి లేపిన పెచ్చు తిరిగి అతుకదు. తప్పు దిద్దవలెనన్నచో మిగిలిన రాతిలోనుండియే ఇంకను కొంత తీసివేయవలెను. తీసినకొలది రాయి తరుగును, శిల్పికి చోటు ఇరుకగును. ఇటలీ శిల్పి మైకెలాంజెలోకు ఈ సంకటము మొదట పరులు చెడగొట్టిన రాతితో ఎదురయ్యెను; వార్ధక్యమున తాను చేపట్టిన రాళ్లతోనే ఎదురయ్యెను.

మొదటిది దావీదు విగ్రహపు కథ. ఫ్లారెన్సు నగరపు ప్రధాన దేవాలయమునకు చెందిన కార్యశాల ఆవరణలో ఒక పాలరాతి దిమ్మ చిరకాలము పడియుండెను. నిడివి 5 మీటర్లకు పైమాట. మందము మాత్రము చాలదు. 1464లో అగోస్తినో ది దూచో అను శిల్పి దానిపై పని మొదలిడి, మోటుగా కొంత చెక్కి, రెండేండ్లలో చేయి విడిచెను. 1476లో అంటోనియో రోసెల్లినోకు అప్పగించిరి, అతడును ముగింపలేదు. పిదప పాతికేండ్లు ఆ దిమ్మ ఎండకు ఎండినది, వానకు తడిసినది. చెడ చెక్కబడినదని అధికారులే తమ పత్రములలో వ్రాసికొనిరి. 1501 ఆగస్టు 16వ తేదీన అది 26 ఏండ్ల మైకెలాంజెలో చేతికి వచ్చెను.

కొత్తరాయి అడుగుటకు వీలు లేదు. పూర్వుల గాట్లు ఎంత లోతునకు దిగినవో, అంతకు లోపలనే తన ఆకృతి ఇమిడిపోవలెను. ముందునుండి అంత ఠీవిగా తోచు దావీదు, పక్కనుండి చూచిన ఆశ్చర్యము గొలుపునంత పలుచగా కనబడుటకు ఆ దిమ్మయే కారణము. 1504లో పని ముగిసెను. దానిని ఎచ్చట నిలుపవలెనో తర్కించిన పెద్దలలో లియొనార్డో, బొత్తిచెల్లి కూడ ఉండిరి. పురమందిరపు వాకిట నిలిచిన ఆ విగ్రహమును 1873లో లోపలి ప్రదర్శనశాలకు చేర్చిరి. ఎత్తు 5.17 మీటర్లు.

మన భారతమున నన్నయ విడిచిన అరణ్యపర్వ శేషమును ఎఱ్ఱన పూరించి, ఆ భాగమును రాజరాజనరేంద్రుని పేరనే నిలిపెను. పూర్వకవి మాటకు తన మాట ఒదుగునట్లు నడచిన సౌజన్యమది. ఫ్లారెన్సు శిల్పి తన పూర్వులకు అట్టి మర్యాద ఏమియు చూపలేదు. వారు మిగిల్చిన రాయి చాలును, వారి తలంపుతో అతనికి పని లేదు.

పరుల తప్పును అంత సాహసముతో దిద్దినవాడే, డెబ్బది దాటిన పిదప తన రాతియెదుట ఓర్పు కోలుపోయెను. సుమారు 1547లో, ఎవరును కోరకయే, తన సమాధికొరకని ఒక్క దిమ్మలో నలుగురిని చెక్క నారంభించెను: సిలువనుండి దింపిన క్రీస్తు, తల్లి మేరి, మగ్దలీను, వెనుక నిలిచిన ముదుసలి నికొదేము. ఆ ముదుసలి ముఖము శిల్పిదే అందురు. 1555 నాటికి ఆ పనిని తన చేతులతోనే విరుగగొట్టెనని వాసారి వ్రాసెను. రాయి మిక్కిలి కఠినమై ఉలికి నిప్పురవ్వలు లేచెడివట. ఎప్పుడు ముగింతువని ఉర్బీనో అను సేవకుడు పోరు పెట్టెడివాడట. సేవకుని పోరు వినుటకు ఇంపుగానే ఉన్నది గాని, రాయి చెప్పిన సాక్ష్యము అంతకంటె గట్టిది. 2019 మొదలు 2021 వరకు ఫ్లారెన్సులో ఆ విగ్రహమును శుభ్రపరచినవారు అది సెరవెత్సా గనుల రాయియని, లోపల పైరైటు అను లోహఖనిజపు రేణువులు కలవని, పీఠభాగమున సన్నని పగుళ్లున్నవని కనుగొనిరి. పైరైటుపై ఇనుము తగిలిన నిప్పురవ్వలు లేచుట సహజమే. సుత్తిదెబ్బల జాడ మాత్రము వారికి కానరాలేదు. విరిగిన ముక్కలను అతికిన తిబేరియో కల్కాన్యి ఆ జాడలను చెరిపియుండవచ్చును. అతడు మగ్దలీనును నునుపు చేసి ముగించెను. క్రీస్తు ఎడమకాలు మాత్రము నేటికిని లేదు. శిష్యుడు ముగించిన ఆ స్త్రీమూర్తి తక్కిన మువ్వురి నడుమ చిన్నదై, పరాయిదివలె నిలిచియుండును. అతికినవాని శ్రద్ధ కాదనరానిది. చేయి మాత్రము వేరు.

చిత్రలేఖనపు తరగతులలో దావీదు పటమును చూపుట పరిపాటి. మిలాను నగరమందలి చివరి రాతిని చూపుట అరుదు. పని నేర్చుకొనువారికి ఎక్కువ తెలియజెప్పునది అదియే. దీనికి రొండానిని పియెటా యని పేరు. 1550 తరువాతి ఏండ్లలో మొదలిడి, విడిచి, శిల్పి మరల దానికడకే వచ్చెను. తొలి రూపమున క్రీస్తుది పుష్టిగల దేహము. అది నచ్చక తలను, ఛాతిని చెక్కివేసెను. అప్పటికి మిగిలినది వెనుకనున్న తల్లి మూర్తికి చెందిన రాయి. దానిలోనుండియే కొడుకు కొత్త తలను, సన్నని మేనును తీయవలసి వచ్చెను. అందుచేతనే తల్లియు కొడుకును ఒకే కాండమునుండి చీలిన రెండు కొమ్మలవలె కానవత్తురు. క్రీస్తు కాళ్లు తొలి రూపమువే, నునుపు తేలియున్నవి. పైభాగమున మొన ఉలి చారలు, పండ్ల ఉలి గీతలు అట్లే ఉన్నవి.

1564 ఫిబ్రవరి 12, శనివారమునాడు వృద్ధశిల్పి దినమంతయు ఆ రాతియెదుట నిలిచి పనిచేసెనని, దగ్గరనుండి చూచిన దనియెలే ద వోల్తెరా తన లేఖలో తెలిపెను. ఆరు దినములకు, 89వ యేడు నిండుటకు మూడు వారములైనను లేకుండగా, మైకెలాంజెలో మరణించెను. 1952లో మిలాను పురపాలకులు ఆ విగ్రహమును కొని స్ఫోర్జా కోటలో ఉంచిరి. 2015నుండి ఆ కోటలోనే దానికి ప్రత్యేకశాల ఏర్పడినది. చుట్టును తిరిగి చూచువారికి విగ్రహము పక్కన, దేహముతో సంబంధము తెగి, రాతి పట్టుపై నిలిచిన ఒక చేయి అగపడును. అది మొదటి క్రీస్తు కుడిచేయి, నునుపుగా ముగింపబడినది. దాని పక్కనే కొత్త క్రీస్తు చేయి మోటుగా, సగము చెక్కబడి యున్నది.