ఇంటికి వెలుగునిచ్చే గవాక్షం

గోడకు సమంగా అమర్చిన కిటికీ ఎదుటి వెలుగునే ప్రధానంగా గ్రహిస్తుంది. విల్లువలె వంగి గోడ వెలుపలికి చొచ్చుకొనివచ్చే కిటికీ ప్రక్కల నుండి కూడ కాంతిని స్వీకరిస్తుంది. చూపు మూడు దిక్కులకు ప్రసరించుటచే చిన్న గది సైతం విశాలంగా తోస్తుంది. ఇంగ్లండులో దీనిని బో విండో అంటారు.

మన ఝరోకాలదీ ఇదే సూత్రం. 1799లో సవాయి ప్రతాప్ సింగ్ జయపురంలో కట్టించిన హవా మహల్‌లో 953 గవాక్షాలున్నాయి. జాలీల వెనుక నుండి అంతఃపుర స్త్రీలు తాము కనబడకుండ వీధిని తిలకించేవారు.

అయితే శీతల దేశపు అద్దాల కిటికీని యథాతథంగా అనుకరిస్తే మన వేసవిలో గది కొలిమి అవుతుంది. దానిని ఉత్తరముఖంగా అమర్చి, పైన ఛజ్జా, తెరవదగిన రెక్కలు ఏర్పరచాలి. పరదా కొరకు వెలుగును త్యజించనక్కరలేదు. జాలీ రెంటినీ కాపాడుతుంది. చీకటి గదిలో చదువుకొనే ఆడపిల్లకు అటువంటి గవాక్షం కల్పించడం కూడ విద్యాసేవయే.