పసివారి తొలి పలుకులు - బొమ్మల వీడియోలు

మహబూబాబాదు జిల్లాలోని బయ్యారము పేరు చెప్పగానే ఇనుపరాతి కొండలు, పెద్ద చెరువు మనకు జ్ఞప్తికి వచ్చును. కాకతీయ గణపతిదేవుని సోదరి మైలాంబ ఇచట చెరువు త్రవ్వించి వేయించిన శాసనము ఆ వంశచరిత్రకు ముఖ్యాధారములలో ఒకటి. ఎనిమిది వందల ఏండ్లనాటి మాట అట్లు రాతిమీద నిలిచినది. ఈ వ్యాసములో చెప్పబోవునది ఇంకను పలకమీదికైన ఎక్కని మాటలను గురించి, అనగా ఏడాది, రెండేండ్ల బిడ్డ నోట వచ్చు తొలి పలుకులను గురించి.

నేడు సెల్‌ఫోను లేని ఇల్లు అరుదు. బిడ్డకు బువ్వ తినిపించునపుడును, తల్లి వంటపనిలో నున్నపుడును ఫోనులో బొమ్మల వీడియో పెట్టి బిడ్డ చేతికిచ్చుట వాడుక యైనది. అందులో ఆవు, ఏనుగు, మామిడిపండు, ఎరుపు రంగు ఒకదాని వెంట నొకటి వచ్చును. ఇంపైన గొంతు వాటి పేర్లు చెప్పును. బిడ్డ రెప్పవాల్చక చూచును. చూచుచున్నాడు గనుక నేర్చుకొనుచున్నాడని పెద్దలు సంతోషింతురు. అంగన్‌వాడీ కేంద్రమునకు గూడ ఒక టెలివిజన్ కొని యిచ్చిన పిల్లలకు మాటలు త్వరగా వచ్చునుగదా అను ప్రశ్న ఏ పంచాయతీ సమావేశములోనైన రాదగినదే. సొమ్ము మంజూరు చేయుటకు ముందు సభ్యులు ఈ విషయమును కొంత విచారింపవలసి యున్నది.

శాస్త్రజ్ఞులు దీనిని పరీక్షించి చూచిరి. 2003లో అమెరికాలో పెట్రీషియా కుల్ అను పరిశోధకురాలు తొమ్మిది నెలల శిశువులకు చీనా భాష వినిపించిన ఫలితములను ప్రకటించినది. కొందరికి మనిషి ఎదుట కూర్చుండి, ఆట వస్తువులు చూపుచు, పుస్తకము చదువుచు మాటాడినది. మరికొందరికి అదే మనిషిని, అవే మాటలను తెరమీద చూపిరి. పండ్రెండు పర్యాయములు వినిన పిమ్మట, మనిషి ఎదుట కూర్చున్న శిశువులు ఆ భాషలోని ధ్వనుల భేదమును గుర్తింపగలిగిరి. తెరను చూచిన శిశువులు ఏమియు నేర్వలేదు.

2010లో ప్రకటింపబడిన మరియొక పరిశోధన మన ప్రశ్నకు ఇంకను దగ్గరగా నున్నది. అందులో ఏడాది మొదలు ఏడాదిన్నర వరకు వయసుగల బిడ్డలకు, మాటలు నేర్పుటకే తయారైన ఒక వీడియోను నాలుగు వారములు చూపిరి. అది చూచిన బిడ్డలకు, చూడని బిడ్డలకంటె ఎక్కువ మాటలు రాలేదు. వీడియో ఏమియు లేకుండ, ఆ మాటలనే తల్లిదండ్రులు నిత్యకృత్యములలో వాడుచు నేర్పిన బిడ్డలు అందరికంటె ముందుండిరి. ఇందులో గమనింపదగిన విశేషము మరియొకటి కలదు: వీడియో తమకు బాగుగా నచ్చిన తల్లిదండ్రులు, తమ బిడ్డ దానివలన చాల నేర్చుకొన్నాడని తలచిరి. పరీక్షలో అది నిజము కాలేదు. కావున "మా బిడ్డ నేర్చుకొన్నాడు" అను మాటను ఆధారముగా గొని తీర్మానము చేయుట మంచిది కాదు.

దీనికి కారణము కష్టమైనది కాదు. అవ్వ అరుగుమీద చేటలో బియ్యము చెరుగుచున్నదనుకొనుడు. పక్కనున్న పసివాడు వాకిట వ్రాలిన కాకిని చూచి చేయి చూపును. అవ్వ తలయెత్తి, వాడు చూచిన వైపే చూచి, "కాకి, అదిగో కాకి" యనును. వాడు "కా" యనును. "అవును, కాకి. ఎగిరిపోయె" నని అవ్వ మరల నందుకొనును. బిడ్డ దృష్టి దేనిపై నున్నదో ఆ క్షణమున దాని పేరే చెవిని బడినది. అన్నమాటకు బదులు వచ్చినది. మాట అతుకుకొనునది ఇట్లే. వీడియోకు బిడ్డ ఎటు చూచుచున్నాడో తెలియదు. వాడు "కా" యన్నను ఆగదు. కాకి పోయి గుఱ్ఱము వచ్చును. పైగా తెరమీది చదునైన బొమ్మయు, వాకిటనున్న ప్రాణియు ఒకటేయని తెలియుట రెండేండ్లలోపు బిడ్డకు సులభము కాదు.

తెరవలన మరియొక నష్టము కూడ కలదు. ఇంట టెలివిజన్ మ్రోగుచున్నంతసేపు పెద్దల నోళ్ళు మూతపడును. 2009లో ప్రకటింపబడిన ఒక అమెరికా పరిశోధనలో, టెలివిజన్ మ్రోగిన ప్రతి గంటకు బిడ్డ చెవిని బడు పెద్దల మాటలు సుమారు 770 తగ్గుచున్నట్లు తేలినది. బిడ్డ దానిని చూచుచుండనక్కరలేదు. గదిలో మ్రోగిన చాలును.

అట్లని తెర యంతయు చెడ్డదని కాదు. బదులు పలుకు తెర వేరు. రెండేండ్లు దాటిన పిల్లలు వీడియో కాలులో తమతో మాటాడిన మనిషినుండి క్రొత్త మాటలు నేర్చుకొనిరనియు, ముందుగా తీసిన వీడియోనుండి నేర్వలేదనియు 2014లో ఒక పరిశోధన తెలిపినది. కూలికై పట్నము పోయిన తండ్రి రాత్రివేళ ఫోనులో కనబడి బిడ్డను పలుకరించుట మేలైన పనియే. రెండేండ్లలోపు పిల్లలకు తెర వలదని చెప్పు భారత శిశువైద్యుల అకాడమీ కూడ బంధువులతో ఇట్టి పలుకరింపులకు మినహాయింపు నిచ్చినది. ఏడాది బిడ్డకు తెర అసలు తగదనియు, రెండు మొదలు నాలుగేండ్లవారికి దినమునకు గంటకు మించరాదనియు, అంతకు తగ్గిన ఇంకను మేలనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించినది. మూడేండ్లు దాటిన పిల్లలకు మంచి కార్యక్రమమువలన మాటలు కొంత పెరుగును. అప్పుడును పెద్దవారొకరు పక్కన కూర్చుండి, ఆపి, అడిగి, చెప్పించినపుడే ఫలితము మెండు.

బయ్యారమువంటి ప్రాంతమునకు ఈ విషయమున ప్రత్యేకత యున్నది. ఇచట తెలుగుతోబాటు కోయ, లంబాడీ భాషలు మాటాడు కుటుంబములున్నవి. 2018 పంచాయతీరాజ్ చట్టము తరువాత పెక్కు తండాలు, గూడెములు స్వయముగా పంచాయతీలైనవి. తండాలోని బిడ్డకు తల్లి "యాడి", నీళ్ళు "పాణి". కొన్న వీడియో పలుకునది పుస్తకపు తెలుగో, ఇంగ్లీషో. "యాడి" యనిననేమి, "అమ్మ" యనిననేమి, రెండును ఈమెయేనని చూపు మనిషి దగ్గరనుండవలెను. అట్టి మనిషియున్న బిడ్డకు రెండు భాషలు బరువు కావు. తల్లి తన భాషను చిన్నతనముగా నెంచి బిడ్డయెదుట మౌనము వహించుటయే బరువు. ఆమెకు ధైర్యము చెప్పుట వార్డు సభ్యుల పనియే యని నా అభిప్రాయము.

మరి టెలివిజన్‌తో పంచాయతీకి పనిలేదా? కలదు, కాని పెద్దలకొరకు. 1975 ఆగస్టునుండి ఏడాదిపాటు, ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రములలోని 2,400 గ్రామములకు ఉపగ్రహము ద్వారా టెలివిజన్ కార్యక్రమములు వచ్చినవి. ఆ ఏడాదిలోనే వేలాది ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులకు అదే సాధనముతో శిక్షణ నిచ్చిరి. ఆ దారి నేడును మంచిది. బిడ్డతో ఎట్లు మాటాడవలెనో, స్నానము చేయించుచు, గిన్నెలు తోముచు ఏమి పేర్లు చెప్పవచ్చునో చూపు చిన్న వీడియోలను తల్లులకు, అవ్వలకు చూపవచ్చును. 2024లో కేంద్రప్రభుత్వము వెలువరించిన "నవచేతన" ప్రణాళికలో జననము మొదలు మూడేండ్లవరకు, 36 నెలలకు, ఇంట ఆడింపదగిన ఆటల పట్టిక యున్నది. అంగన్‌వాడీ టీచరును సమావేశమునకు పిలిచి దానిని చదివించుకొనవచ్చును.

వీడియోలపై నమ్మకముచేత మరుగున పడు ప్రమాదము ఒకటి కలదు. పదునారు నెలలకు ఒక్క మాటయు రాని బిడ్డకు, రెండేండ్లకు "పాలు కావాలె" వంటి రెండు మాటల కూర్పు రాని బిడ్డకు ముందు చెవి పరీక్ష జరుగవలెను. వినికిడి లోపమున్న బిడ్డ బొమ్మలను కన్నార్పక చూచును. అందువలన లోపము బయటపడక నెలలు గడచును. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద వైద్యబృందము ఏడాదికి రెండుమార్లు అంగన్‌వాడీకి వచ్చి పిల్లలను పరీక్షింపవలసి యున్నది. ఆ దినము ముందుగా తెలిసికొని, చేను పనికి పోవు తల్లులకు కబురంపి, దూరపు తండాల పిల్లలను చేర్చు ఏర్పాటు పంచాయతీ చేయవచ్చును. వచ్చిన పిల్లలెందరు, రానివారెవరు, జిల్లా కేంద్రమునకు పంపబడినవారెవరు, వారు వెళ్ళిరా లేదా యని మరుసటి సమావేశములో విచారింపవచ్చును.